పేరయ్య లేని పెళ్లి

ఏం ఉద్యోగం అని ఎవరైనా అడిగితే పెళ్లిళ్ల పేరయ్యనని చెబుతాను. కీటోన్ అనే రసాయనానికీ ఆక్సిజన్‌కీ సంబంధం కుదర్చడం నా పని, అదీ వేరే బంధాల జోలికి పోకుండా, మేం కోరిన చోటే. అందుకోసం రాగినీ కర్బన అణువులనూ పంజరంలా అల్లి ఒక ఉత్ప్రేరకం తయారుచేశాను. చూడ్డానికి నీలం పొడి. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, నా ఫోను తెరిస్తే ముందు కనబడేది ఆ పొడే. మా అమ్మాయి ఫోటో కావాలంటే వెతుక్కోవాలి.

ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. అవి కమిటీ సమావేశంలో చూపిస్తే నా కాంట్రాక్టు పొడిగిస్తారు, లేకపోతే ఇంటికే. సమావేశానికి ముందు మా ల్యాబు మేడం ఒక్కటే అడిగింది.

“పొడి వెయ్యకుండా ఒకసారి చేసి చూశావా?”

చూడలేదు. పేరయ్య లేకుండా పెళ్లెలా అవుతుందని నా ధీమా. చాదస్తం అని గొణుక్కుంటూ, ఎప్పటిలాగే కీటోన్, దానికి తోడుగా ఆల్డిహైడ్ అనే ఇంకో రసాయనం ఫ్లాస్కులో పోసి ఆక్సిజన్ వదిలాను. పొడి సీసా మూత తియ్యలేదు.

మధ్యాహ్నానికల్లా పెళ్లయిపోయింది. ఫలితంలో వెంట్రుకవాసి తేడా లేదు. ఆ ఆల్డిహైడే ఆక్సిజన్‌ను పట్టుకొచ్చి కీటోన్‌కు అప్పగిస్తోంది. నా పంజరం ఇన్నాళ్లూ విందు తిని, వంట తనదేనని చెప్పుకుంది. దాని తరఫున నేను ఊరంతా చాటాను.

ఫ్లాస్కు పట్టుకుని సింకు దాకా వెళ్లి, అక్కడ నిలబడి మా ఆవిడకు ఫోన్ చేశాను.

“నా పొడి లేకపోయినా పని జరిగిపోతోందే. ఈ ఫ్లాస్కు కడిగేస్తే ఎవరికీ తెలీదు.”

“ఈ ఇంట్లో మీరు లేకపోయినా అన్నీ జరిగిపోతూనే ఉన్నాయి కదండీ. మిమ్మల్ని కడిగి పారబోశామా?”

ఫ్లాస్కును తిరిగి బల్ల మీద పెట్టేశాను. సమావేశంలో మొదటి స్లైడుగా ఆ ఫలితమే పెట్టాను. మేడం చప్పట్లు కొట్టింది. కమిటీ కాంట్రాక్టు పొడిగించలేదు.

పట్టపగలే ఇల్లు చేరిన నన్ను చూసి మా అమ్మాయి ఆశ్చర్యపోయింది.

“నాన్నా, లెక్కలు చేస్తున్నా. పక్కన కూర్చో.”

కూర్చున్నాను. ఒక్కటీ అడగలేదు, అన్నీ తనే చేసేసుకుంటోంది. నాతో పనేముందిలే అని లేవబోయాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, ఎడంచేత్తో నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.