అమరావతి పరీక్ష, చెంగమ్మ తిట్లు

గుడియాత్తంలో మగ్గం నేసే వెంకటాద్రి కూతురు అమరావతికి రాయడం మొదలుపెడితే ఆపడం చేతకాదు. ఒకసారి బడి పరీక్షలో ఆవు మీద వ్యాసం రాయమంటే నాలుగు పుటలు నింపింది. అందులో ఆవు, దూడ, పాలల్లో నీళ్లు కలిపే పక్కింటామె, ఆమె మొగుడు, అందరూ వచ్చారు. తక్కిన ప్రశ్నలకు మాత్రం చోటు ఖాళీగా మిగిలింది.

అందుకే 1923లో వేలూరులో ఆడపిల్లలకు వైద్యం నేర్పే బడికి ప్రవేశపరీక్ష రాస్తానని ఆమె పట్టుబట్టినప్పుడు, ఇంగ్లీషు పంతులు కృష్ణమూర్తి పాఠాల జోలికి పోలేదు.

"మూడు గంటలు, ఆరు ప్రశ్నలు. ఒక్కోదానికి అరగంట. అరగంట అయినాక మాట మధ్యలో ఉన్నా సరే, వదిలేసి ముందుకు పోవాల" అన్నాడు.

"అరగంట అయినట్టు నాకెట్ల తెలుస్తుంది సార్?"

"గదిలో గడియారం ఉంటాది, దాన్ని చూసుకో" అన్నాడు పంతులు.

తండ్రికి మగ్గం దిగే వీలు లేకపోవడంతో నాయనమ్మ చెంగమ్మ తోడు బయల్దేరింది. ఆమె నోటికి వీధి వీధంతా జడిసేది. కాట్పాడి దాకా రైల్లో, అక్కణ్ణించి కాశి అనే అతని జట్కాలో పరీక్ష జరిగే చోటికి చేరారు. తిరుగు రైలుకు కూడా తానే తీసుకుపోతానని కాశి గుర్రాన్ని విప్పి, కిటికీ పక్కనున్న చెట్టుకు కట్టాడు.

లోపల తన చోటు చూసుకుని అమరావతి బిక్కమొహంతో బయటికి వచ్చింది.

"అవ్వా, గడియారం ఉండాది. అయితే మా వీపు వెనక గోడకు పెట్టినారు. తల తిప్పితే కాగితం లాక్కుంటానని కావలి అయ్యవారు ఇప్పుడే చెప్పినాడు."

చెంగమ్మ కిటికీలోంచి తొంగిచూసింది. "నాకు అంకెలు రావు గానీ, పెద్దముల్లు బాగా కనబడతాండాది."

"అది చాలు! ముల్లు కిందికి దిగినప్పుడొకసారి, పైకెక్కినప్పుడొకసారి నాకు వినబడేటట్టు చెయ్యి."

"నిన్ను పిలిస్తే ఆయన ఊరుకుంటాడా? ఆ గుర్రాన్ని తిడతాలే. గుర్రాన్ని తిట్టగూడదని యాడా చట్టం లేదు."

పది గంటలకు పరీక్ష మొదలైంది. మొదటి ప్రశ్న తాగే నీళ్ల శుభ్రత గురించి. అమరావతి తమ వీధి బావినీ, దాని గట్టున జరిగే తగాదాలనూ వర్ణిస్తూ ఉండగా బయటినుంచి కేక వినిపించింది.

"ఏందిరా నీ పొగరు! ఊరికే తోక ఊపతావా?"

తగాదాను సగంలో వదిలేసి రెండో ప్రశ్నకు దూకింది. పదకొండుకు మళ్లీ తిట్లు. ఈసారి కావలి అయ్యవారు కిటికీ దగ్గరికి వెళ్లి, ఎవరితో గొడవని అరవంలో గద్దించాడు.

"గుర్రంతో మాట్లాడతాండా సామీ" అంది చెంగమ్మ వినయంగా. ముసలిదానికి మతి చెడిందనుకుని ఆయన వెనక్కి వచ్చాడు.

మూడో ప్రశ్న మొదలుపెట్టి అయిదు నిమిషాలు కూడా కాలేదు.

"అయ్యో, నా తమలపాకులు! నీ నోట మన్నుబడ!"

అరగంట ఇంత తొందరగా అయిపోయిందా? అమరావతి గబగబా రెండు ముక్కలు గీకి నాలుగో ప్రశ్నకు పోయింది. ఇంతలోనే "కొంగు వదలరా దొంగ సచ్చినోడా!" అని వినిపించింది. అయిదో ప్రశ్న. ఆ వెంటనే, నవ్వుతున్నందుకు కాశికీ, కొంగులో ఆకులు తిన్నందుకు గుర్రానికీ కలిపి చివాట్లు. ఆరో ప్రశ్న. జన్మలో మొదటిసారి నాలుగేసి వాక్యాల్లో జవాబులు ముగించి, చెమట తుడుచుకుని, గంట కోసం చెవులు రిక్కించింది.

గంట మోగలేదు. చుట్టూ అందరూ తలలు వంచి రాస్తూనే ఉన్నారు.

"ఏమ్మా, అప్పుడే అయిపోయిందా? ఇంకా గంటన్నర ఉంది" అన్నాడు కావలి అయ్యవారు.

అమరావతికి మొదట ఒళ్లు మండింది. తరవాత నవ్వు పొంగుకొచ్చింది. పెదవి కొరుక్కుని వెనక్కి వెళ్లి, ఒక్కో జవాబుకూ కావలసినంత మాత్రమే చేర్చింది. ఆ పైన వినబడ్డవి అరగంట తిట్లో, ఆకుల తిట్లో తేల్చుకోలేక పట్టించుకోవడం మానేసింది.

బయటికి రాగానే అడిగింది. "ఎన్నిసార్లు తిట్టినావు అవ్వా?"

"ముల్లు కోసరం అయిదుసార్లు. నా ఆకుల కోసరం లెక్కబెట్టలేదు."

నెల తిరక్కుండా సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. సగం పరీక్ష తానే రాశానని చెంగమ్మ వీధంతా చాటింది. కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నాలుగేళ్ల చదువు ముగించి అమరావతి ఆలంగాయంలో వైద్యానికి కుదిరింది. జవ్వాది కొండల మీదినుంచి నిండు చూలాళ్లను డోలీల్లో ఆమె దగ్గరికి మోసుకొచ్చేవారు. ఆమె చేసిన తొలి కాన్పులో పుట్టిన పాపకు తల్లి డాక్టరమ్మ పేరే పెట్టుకుంది. అది చూసి మిగిలినవాళ్లూ అదే పని చేశారు. ఒకే కొండపల్లెలో తొమ్మిదిమంది అమరావతులు తయారయ్యాక, పదో బిడ్డను తల్లి ఒడిలో పెట్టి డాక్టరమ్మ చేతులు జోడించింది.

"తల్లీ, దీనికి మాత్రం వేరే పేరు పెట్టండమ్మా. మీ ఊళ్లో ఒక పేరు పిలిస్తే తొమ్మిది మంది పలకతాండారు!"