నాంచారమ్మ గారి అచ్చులు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వానాకాలం. బందరులో చెదలకి మందు కొట్టే పనిలో నాకప్పటికి పదకొండేళ్ళు. పెడన నుంచి నాంచారమ్మ గారు ఫోన్ చేశారు.

"అచ్చుల గది అల్మరా తలుపు రావట్లేదు తమ్ముడూ, పురుగేమైనా పట్టిందేమో ఒకసారి వచ్చి చూడు."

ఆవిడ భర్త కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కేవారు. కరోనాలో పోయారు. ఆ అచ్చులతోనే మళ్ళీ అద్దకం మొదలుపెడదామని ఆవిడ చీరల ఆర్డరు ఒప్పుకున్నారు.

గోడ మీద సున్నం కింద వేలెడు లావు మట్టి గీత ఉబ్బి ఉంది. మేం మడ్ ట్యూబ్ అంటాం. నేలలోంచి చెక్క దాకా చెదలు కట్టుకునే దారి అది.

"చెమ్మ అనుకుని సున్నం వేయించాను" అన్నారావిడ.

స్క్రూడ్రైవర్ ఆనిస్తే అల్మరా తలుపులోకి దిగిపోయింది. దాంతోనే తలుపు ఊడదీశాను. లోపల అచ్చులు వరసగా, చెక్కుచెదరనట్టే ఉన్నాయి. ఆవిడ ఒకటి తీశారు. మామిడిపిందె నగిషీ అలాగే ఉంది, వెనక పట్టుకున్న ఆవిడ బొటనవేలు మాత్రం చెక్కలోకి పోయింది. ఇంకోటి తీశారు. ఇంకోటి. టేకుకి చెద పట్టదంటారు గానీ, లేత టేకు తడి గోడకి ఆనితే అదీ ఆగదు.

"మందు కొడితే ఏమైనా మిగుల్తాయా?"

"చెదలు చస్తాయండీ. తినేసిన చెక్క తిరిగి రాదు."

"ఎప్పట్నుంచి తింటున్నాయి?"

అబద్ధం చెప్పలేకపోయాను. అంతకుముందేడు బొద్దింకల మందు పెట్టడానికి ఆ ఇంటికే వచ్చాను. ఈ గది కిటికీ కింద ఉసిళ్ళ రెక్కలు రాలి ఉన్నాయి. ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదలే, ఇంట్లో రెక్కలు రాలాయంటే పుట్ట దగ్గర్లోనే ఉన్నట్టు. గుడివాడలో ఇంకో పని ఉందని, నోరు విప్పకుండా వెళ్ళిపోయాను. అదే చెప్పాను.

ఆవిడ చేతిలో అచ్చుని తిరిగి వరసలో పెట్టారు.

"నేనూ చూశాను. ఊడ్చేశాను. నాకు తెలీదు. నీకు తెలుసు కదా తమ్ముడూ."

గోడ వెంబడి అడుగుకొక రంధ్రం వేసి మందు ఎక్కించాను. కాపాడ్డానికి ఆ గదిలో ఏమీ లేదు. ఆర్డరు వెనక్కి ఇచ్చేశారని తర్వాత విన్నాను. అచ్చులు నీళ్ళ పొయ్యిలోకి వెళ్ళాయట.

ఇప్పుడు ఏ పురుగుకి పిలిచినా ద్వారబంధాలు తట్టి చూస్తాను. డొల్ల మోత వినిపించినా, రెక్కలు కనిపించినా, వాళ్ళు విసుక్కున్నా సరే, చెప్పే కదుల్తాను. పెడన వైపు పని వస్తే మాత్రం ఇంకొకర్ని పంపిస్తున్నాను.