ల్యాబులో పేడ బక్కెట్టు

అప్పట్లో ఒడిశాలోని కోరాపుట్‌లో ఆడ లెక్చరరంటే పాఠం చెప్పడమే కాదు, కాలేజీకి ఎవరొచ్చినా గేటు దగ్గర పూలపళ్లెం పట్టుకుని నిలబడడం కూడా ఉద్యోగంలో భాగమే. (ఇప్పుడు నేను వైస్ ఛాన్సలర్ని కాబట్టి నాకే పట్టబోయారు. చేరిన వారంలోనే ఆ పళ్లేలన్నీ క్యాంటీనుకి పంపించేశాను.) నేను రాయగడలో కిరాణా హోల్‌సేలు వ్యాపారి కూతుర్ని. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్యాసయ్యాక, లోకంలో నాకు తెలియని పదార్థం లేదన్న ధీమాతో ఆ కాలేజీలో కాలుపెట్టాను. ఆ ధీమా ఎంత అన్యాయమైనదో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

మా డిపార్ట్‌మెంటు హెడ్డుని అందరూ పెద్దసారు అనేవారు. పార్వతీపురం వైపు మనిషి. ల్యాబు తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవారు. దగ్గర్లోని కొట్పాడ్ ఊరి నేతగుడ్డల ఎర్రరంగు మీద పరిశోధన చేస్తాను, ల్యాబు ఇవ్వండని అడిగితే ఆయన ఎంతో దయగా చూశారు. "నీకు థియరీ ఇచ్చేను కదమ్మా. సుఖంగా సెప్పుకో. ఆ యాసిడ్లూ గాజుగొట్టాలూ మగోళ్లకొదిలీ" అన్నారు. నేను కదల్లేదు. దాంతో ఆయనకి విసుగొచ్చింది. "వచ్చే నెలాకరికి తనిఖీ కమిటీ వస్తన్నాది. ఆళ్లకేటైనా సేసి సూపించు. బాగుందంటే తాళం నీదే. లేదా, హాస్టల్ వార్డెనుగా పో, మరి పరిశోధన మాటెత్తకు." సరే అన్నాను.

కొట్పాడ్‌లో నూలుకి రంగేసేది ఆడవాళ్లే. పేడనీళ్లు, బూడిదనీళ్లు, ఆముదం పట్టించి, ఎండబెట్టి, మళ్లీ పట్టించి, మళ్లీ ఎండబెట్టి, ఆ తర్వాతగానీ తొగరుచెట్టు వేరుబెరడు రంగులో ఉడకబెట్టరు. నెల పట్టే పని. నా చదువుకి అదంతా చాదస్తంగా కనిపించింది. పేడకి బదులు కాస్టిక్ సోడా, ఓపికకి బదులు పటిక వేసి రెండు రోజుల్లో తేల్చేశాను. నూలు భగ్గున మండుతున్నట్టు ఎర్రగా వచ్చింది. దాన్ని పట్టుకుని, రంగుపనిలో తల పండిన ఒక మావుసి ఇంటికి గర్వంగా వెళ్లాను. (ఒడియాలో పిన్నిని అలా పిలుస్తారు, నాకు ఆవిడ నిజంగానే పిన్నిలాంటిది.) ఆవిడ వాసన చూసి, వేళ్లమధ్య నలిపి, అక్కడి యాస దేశియాలో ఒకటే మాట అంది. "నీ నూలు రంగు తాగలేదమ్మా, పూసుకుంది."

నాకు ఒళ్లు మండింది. అయినా పద్ధతి నేర్పమన్నాను. మావుసి నేర్పింది. మర్నాటినుంచి కాలేజీ వెనక వరండాలో నా పేడ బక్కెట్టు వెలిసింది. వారం తిరిగేసరికి పెద్దసారు ముక్కుకి రుమాలు కట్టుకుని వచ్చి, "ఇది కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటా, గొడ్లశాలా?" అని అడిగారు. వారానికి రెండుసార్లు ప్రాక్టికల్సులో కుళ్లిన కోడిగుడ్డు కంపు గ్యాసు వదిలే మనిషి ఆయన. "మీ గ్యాసుకి ఎవరూ కోళ్లగూడని పేరు పెట్టలేదు కదా సార్" అన్నాను. ఆయన రుమాలు తీసేసి మరీ నన్ను చూశారు. సెలవుకి రాయగడ వెళ్తే మా అమ్మ నా చేతులు వాసన చూసి, "ఏటమ్మీ, ఎమ్మెస్సీ సదివి పేడ పిసుకుతన్నావేటి? ఆ పనికి ఇంటికాడ ఉంటే సరిపోయేది కదే" అంది. ఆవిడ ముందు మాత్రం చేతులు వెనక్కి దాచేసుకున్నాను.

కమిటీ వచ్చిన రోజు పెద్దసారు పూలపళ్లెం నా చేతిలో పెట్టారు. దాన్ని ఆయన బల్లమీదే పెట్టేసి పాత చీరతో ల్యాబులో నిలబడ్డాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది. మావుసి పద్ధతిలో రంగేసిన చిలప (నూలుకట్ట) పక్కన, అందంగా ఉంది కదా అని, నా రెండు రోజుల చిలపని కూడా ముందు వేలాడదీశాను. ఏ మూలో అదే గెలవాలని ఆశ. కమిటీ పెద్దాయన, తెల్లటి లాల్చీ వేసుకున్న ప్రొఫెసరుగారు, నేరుగా దాన్నే తీసి, నీళ్లలో ముంచి, తన జేబురుమాలుతో గట్టిగా తుడిచారు. ఆ తర్వాత ఉక్కపోతకి అదే రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. నుదురంతా ఎర్రగా అయింది. పెద్దసారు వెంటనే "నే ముందే సెప్పేను సార్, ఆడపిల్లలికి ఇవన్నీ ఎందుకని" అన్నారు.

ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన మాట నిజమైపోతుందన్న కోపం అంతకంటే ముందొచ్చింది. మావుసి పద్ధతి చిలప తీసి, సబ్బు వేసి, సోడా వేసి, నా చేతులు బొబ్బలెక్కేలా ఉతికాను. నురగ పాలలా తెల్లగా ఉంది. ప్రొఫెసరుగారు వంగి చూసి, "ఇది మీ పద్ధతేనా?" అన్నారు. "కాదండీ, కొట్పాడ్‌లో ఒక మావుసిది. నాది మీ నుదుటిమీద ఉంది" అన్నాను.

ఆయన అద్దం అడిగి చూసుకుని, కూర్చుని మరీ నవ్వారు. "రెండూ చూపించారు కాబట్టి నమ్ముతున్నాను. ఏది ఎందుకు నిలిచిందో తేల్చి రాయండి. దానికి ఏం కావాలి?" అన్నారు. "తాళంచెవి" అన్నాను. అందరి ముందూ పెద్దసారు గోడవైపు తిరిగి, మొలతాడు ముడి విప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డారు. నా థీసిస్‌లో మొదటి కృతజ్ఞత మావుసికి, రెండోది ఆయనకి రాశాను. రెండోది కొంచెం కసితోనే రాశాను.

ఇప్పుడు నా సంతకం లేనిదే మా యూనివర్సిటీ ల్యాబుల్లోకి సీసా కూడా వెళ్లదు. మొన్న ఒక కొత్త లెక్చరమ్మాయి ఇప్పపూలు ల్యాబులో నెలరోజులు కుళ్లబెడతానని అర్జీ పెట్టింది. "మూడు కమిటీల అనుమతి తెచ్చుకోవలెను" అని సగం రాసి ఆగాను. నాలోని ఆనాటి అమ్మాయి పేడ చేతులతో నా గదిలోకి వస్తే, ఏసీలో కూర్చుని ముక్కు మూసుకుని నేనూ ఇదే అడుగుతాను కాబోలు. తను వినదు, బక్కెట్టు తెచ్చి నా బల్లమీదే పెడుతుంది. తను అలా పెట్టాలనే నాకూ ఉంది. రాసింది కొట్టేసి సంతకం చేశాను.