బామ్మర్ది చెయ్యెత్తని రోజు

నెల్లికుదురులో నా దుకాణానికి బోర్డు చూసి ఎవరూ రారు, నా కేకలు విని వస్తారు. కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టడం నా పని. వోల్టేజీ లేనప్పుడు మోటారు వేయొద్దని వెయ్యిసార్లు చెప్పినా రైతులు వినరు. కాల్చుకుని తెస్తారు, నేను తిడతాను, వాళ్ళు నవ్వుతారు, సాయంత్రానికి చుట్టి ఇస్తాను. ఈ పని జనగామలో ఒక మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాను. ఆయన తిట్టు లేకుండా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. పని ఎంత వచ్చిందో గానీ ఆయన నోరు మాత్రం నాకు పూర్తిగా వచ్చింది.

అలాంటి నా దగ్గరికి నా భార్య తన తమ్ముణ్ణి తెచ్చి పెడతానంది.

"ఏడికెళ్ళి?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఏడికెళ్ళో నీకు తెల్వదా? హోం కెళ్ళి."

తెలుసు. ఎందుకు తెలియదు! వాడు భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్లలో పెరిగాడు. పదో తరగతి తప్పాడు. పనీ పాటా లేక తనలాంటి ఇంకో ముగ్గురితో తిరిగాడు. ఒకనాడు నలుగురూ ఒక గోదాము గోడ దూకి రాగి కేబులు లాగుతుంటే కాపలా ముసలాయన అడ్డు వచ్చాడు. ముగ్గురు పారిపోయారు. మావాడు పారిపోలేదు. ఇనుప రాడ్డుతో ఆ ముసలాయన ముఖం మీద కొట్టాడు. దవడ విరిగింది, పళ్ళు రాలాయి. కింద పడ్డాక కూడా కొట్టాడు. అప్పటికి వాడికి పదహారేళ్ళే కాబట్టి జైలుకు కాకుండా పిల్లల హోంకు పంపారు.

"నాతోని కాదు పో," అన్నాను. "రాగి కోసం మనిషి మూతి పలగ్గొట్టినోన్ని తెచ్చి రాగి దుకాణంల కూసోబెడ్తవా? ఊరు నవ్వదా?"

"నవ్వితే నవ్వనీ. వాన్ని మళ్ళ మా బాపు కాడికి తోలితే ఈసారి ఎవన్నో ఒకన్ని సంపుతడు. లేకుంటే మా బాపే వాన్ని సంపుతడు. రెండిట్ల ఏది గావాల్నో నువ్వే చెప్పు."

వాళ్ళ బాపు, అంటే మా మామ సంగతి నేను కళ్ళారా చూశాను. పెళ్ళయిన కొత్తలో అత్తగారింటికి పోతే, ఆయన డ్యూటీ దిగి తాగి వచ్చాడు. పిల్లవాడు చెప్పులు గుమ్మానికి అడ్డంగా విడిచాడని, గనిలో లైటు కట్టుకునే వెడల్పాటి తోలు బెల్టు తీసి వీపు మీద వాయించాడు. అడ్డం పోయిన మా అత్త చెవి మీద కూడా ఒకటి పడింది. నేను బెల్టు గుంజుకుని బయటికి విసిరేస్తే, "ఇంటల్లునివి, ఇంటల్లుని లెక్క కూసో" అన్నాడు. పిల్లవాడు మాత్రం ఏడవలేదు. గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత రెండేళ్ళకు అత్త చనిపోయింది. ఇక ఆ ఇంట్లో వాడూ, ఆ బెల్టూ మిగిలారు.

వాణ్ణి మా దగ్గర ఉంచాలంటే ముందు ఒక మేడం వచ్చి ఇల్లు చూడాలట. హోం నుంచి వదిలిన పిల్లలను పద్దెనిమిది దాటాక కూడా కొన్నేళ్ళు కనిపెడుతూ, వాళ్ళు మళ్ళీ అదే దారి పట్టకుండా చూసే ఉద్యోగం ఆమెది. మంచం మీద కూర్చుని ఒక్కొక్కటే అడిగింది. తాగుతారా, ఇంట్లో కొట్లాటలు అవుతాయా, వాడికి రోజంతా చేతినిండా పని ఉంటుందా, పాత దోస్తులు ఇక్కడికి వచ్చే వీలుందా, వాడి పక్కన కూర్చుని అన్నం తినేవాళ్ళు ఉన్నారా. అన్నీ అయ్యాక "మీకు కోపం ఎక్కువా?" అంది.

"నాకు కోపమేంది మేడం! ఎవ్వలు చెప్పిన్రు మీకు? కోపమంటే ఏందో గూడ నాకు తెల్వది!" అని అరిచాను.

నా భార్య నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది. మేడం కూడా నవ్వింది. కానీ లేచేటప్పుడు నవ్వకుండా చెప్పింది. "వీడికి త్వరలో పద్దెనిమిది నిండుతాయి. ఆ తర్వాత ఎవరి మీద చెయ్యెత్తినా హోం ఉండదు, జైలే. మీ ఇల్లు కూడా కుదరదంటే వాడికి మిగిలేది వాళ్ళ నాన్న ఇల్లే. ఆలోచించుకోండి."

ఆలోచించడానికి నాకెవరు టైమిచ్చారు? వారం తిరగకముందే ఒక సంచీతో దిగాడు. మనిషి పొడుగయ్యాడు, మాట కరువైంది. పొద్దున లేచి దుకాణం ఊడ్చేవాడు, చెప్పిన పని చేసేవాడు, అన్నం పెడితే కింద కూర్చుని తల ఎత్తకుండా తినేవాడు. బామ్మర్దిని ఆట పట్టించకపోతే నేనేం బావను? "ఏం సారూ, అన్నం తినేటప్పుడు గూడ చుప్‌గనే ఉండాల్నని కోర్టు చెప్పిందా?" అనేవాణ్ణి. ఒకనాడు "నువ్వు గిన్ని మాట్లాడ్తుంటే నాకు సందు ఏడున్నది బావా" అన్నాడు. నా భార్య పడీ పడీ నవ్వింది. మా ఇంట్లో వాడు అన్న మొదటి పెద్ద మాట అదే.

ఆ ముసలాయన్ని ఎందుకు కొట్టావని కూడా అడిగేశాను. కడుపులో పెట్టుకుని తిరగడం నాకు రాదు.

"ముగ్గురు ఉరికిన్రు. నువ్వు గూడ ఉరికితే అయిపోవు గదరా. ఎందుకు కొట్టినవ్?"

తీగ చుట్టుకుంటూనే చెప్పాడు. "నా కాలర్ పట్టుకున్నడు బావా. మా బాపు గట్లనే పట్టుకుంటడు. ఇగ అటెన్క ఏమైందో నాకు సోయి లేదు."

మా మామ మీద పుట్టిన కోపం ఆ ముసలాయన దవడ మీద పడిందన్నమాట. తప్పు తప్పే. కానీ ఆ రోజు నుంచి వాడి చేతుల మీద నా కన్ను పడింది. పని చేస్తుంటే కాదు, ఎవడైనా ఏదైనా అన్నప్పుడు.

అనేవాళ్ళకు కొదవ లేదు. ఒక ఆటో అతను మోటారు దింపుతూ, "అన్నా, రాగి జర భద్రంగ పెట్టుకో, ఇంట్లనే ఉన్నరు మొనగాళ్ళు" అన్నాడు. మావాడి చేతిలో సుత్తి ఉంది. వేళ్ళు తెల్లబడ్డాయి. ఏం చేయాలో తోచక, "ఏయ్, ఆ పెద్ద మోటార్ లేపి ఇవుతల పెట్టుపో!" అని గట్టిగా అరిచాను. సుత్తి వదిలి, ఆ మోటారును రెండు చేతులా వాటేసుకుని, ఆపసోపాలు పడుతూ తెచ్చి దింపాడు. దింపేసరికి చెమటలు, ఆయాసం. కోపం ఎటు పోయిందో పోయింది. ఆ ఆటో అతన్ని తర్వాత నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆ తర్వాత వాడే ఒళ్ళు మండినప్పుడల్లా లేచి ఏదో ఒక మోటారు ఎత్తేవాడు. "ఇయ్యాల గింత పొద్దుగాల్నే ఎవలు తిట్టిన్రురా?" అని నేను నవ్వేవాణ్ణి.

వాడికి పద్దెనిమిది నిండిన యాసంగిలోనే, అంటే రెండో పంట కాలంలోనే, అది జరిగింది. పక్క ఊరి పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లను కింద పడేసి, నూనె పారబోసి, లోపలి రాగి ఎత్తుకుపోయారు. వరి పొట్ట మీద ఉంది. బోర్లన్నీ ఆగిపోయాయి. ఎండిపోతున్న మడి గట్టు మీద నిలబడ్డ రైతుకు ఎంత మండుతుందో నాకు తెలుసు, వాళ్ళ మీదే నేను బతుకుతున్నాను. ఆ దొంగలు తర్వాత జనగామ దగ్గర పట్టుబడ్డారు. మావాడికి వాళ్ళెవరో కూడా తెలియదు. కానీ ఆ పొద్దున ఆ సంగతి ఎవరికీ తెలియదు కదా.

ఆ పొద్దున మావాడు దుకాణం వెనక మంట పెట్టాడు. మేం పెట్టే మంటే అది. కాలిపోయిన మోటార్ల నుంచి తీసిన పాత తీగను కాలిస్తే పైనున్న ప్లాస్టిక్కు పోయి రాగి మిగులుతుంది. నల్లటి పొగ లేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ల రాగి దొంగలు కూడా గుర్తు తెలియకుండా దాన్ని కాలుస్తారని జనం అంటారు. మావాడి పాత కేసు తెలిసి, ట్రాలీ ఆటోలో కట్టెలు పట్టుకుని వచ్చిన ఆ ఊరి పదిమందికి మొదట కనిపించింది ఆ పొగే.

"దొరికిండ్రా లంగ కొడుకు! మన రాగే కాలబెడ్తుండు!"

నేను ముందు వైపు రోడ్డు పక్కన ఉన్నాను. కేకలు విని పరుగెత్తేసరికి వాణ్ణి మట్టిలో పడేశారు. వెదురు కట్టెలు వీపు మీద పడుతున్నాయి. ఒకడు బూటు కాలితో డొక్కలో తన్నాడు. ఇంకొకడు చెప్పుతో ముఖం మీద కొట్టాడు. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారుతోంది.

"గది మోటార్ తీగరా! సన్నగున్నది సూడుండ్రి! టాన్స్‌ఫారం రాగి గింత సన్నగుంటదా?" అని గొంతు చించుకున్నాను. ఎవరు వింటారు? ఇద్దరు నన్ను గోడకు అదిమి పట్టుకున్నారు.

మంట కెలికే ఇనుప రాడ్డు వాడి చేతికి జానెడు దూరంలో ఉంది. వాడు దాన్ని చూశాడు. వాడు చూడటం నేను చూశాను. ఆ రాడ్డు ఎత్తితే ఒకడి తల పగులుతుంది, వీడు జైలుకు పోతాడు, ఇక అక్కడి నుంచి తిరిగి వచ్చేవాడు మాత్రం నా బామ్మర్ది కాడు. ఒక ముసలి రైతు వంగి వాడి కాలర్ పట్టుకుని గుంజాడు. అయిపోయింది అనుకున్నాను.

వాడు పొర్లి, పక్కనున్న మోటారును రెండు చేతులా వాటేసుకుని, వేళ్ళలో వేళ్ళు బిగించి, దాని మీద తల ఆనించాడు. అంతే. కదల్లేదు.

వాళ్ళేమో దాని కింద రాగి దాచాడనుకున్నారు. చేతులు విడిపించాలని ఒకతను పార కట్టెతో వాడి వేళ్ళ మీద కొట్టడం మొదలుపెట్టాడు. ప్రతి యాసంగిలో నా దగ్గర మోటారు చుట్టించుకునే మనిషి, నా ఇంట్లో చాయ్ తాగిన మనిషి. వేళ్ళ మీద కొడుతున్నాడు. వాడు "అవ్వా" అంటున్నాడే గానీ వేళ్ళు విప్పడం లేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నన్ను పట్టుకున్న ఇద్దరినీ ఎలా విదిలించుకున్నానో తెలియదు. చేతికి దొరికిన పెద్ద పైపు పానాతో అతని మోచేతి మీద కొట్టాను. ఎండిన కంది కట్టె విరిగినట్టు చప్పుడైంది. అతను కూలబడి బావురుమన్నాడు. నాకు చాలలేదు. తల మీద కొట్టడానికి పానా పైకెత్తాను. నిజంగానే కొట్టేవాణ్ణి.

వెనక నుంచి రెండు చేతులు నా నడుమును చుట్టుకున్నాయి. రక్తం కారే వేళ్ళు.

"వద్దు బావా. వద్దు. నీ కాళ్ళు మొక్కుత, ఇడిసిపెట్టు."

పానా కింద పడింది. అందరూ ఆగిపోయారు. తర్వాత పోలీసులు వచ్చారు, విరిగిన చేతినీ పగిలిన వేళ్ళనూ మహబూబాబాద్ దవాఖానకు పంపారు, నన్ను జీపెక్కించారు.

స్టేషన్ బల్ల మీద కూర్చున్నాక గానీ చేసిన పని బుర్రకెక్కలేదు. దెబ్బలు తిన్నవాడు చెయ్యెత్తలేదు. వాణ్ణి కాపాడతానని ఒప్పుకున్న నేను మనిషి చెయ్యి విరగ్గొట్టాను. కేసున్నవాడి ఇంట్లో ఆ పిల్లవాణ్ణి ఉంచుతారా? మేడం వచ్చి వాణ్ణి మా మామకు అప్పజెబుతుంది. ఆ బెల్టు కళ్ళ ముందు ఆడింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఎస్సై మంచినీళ్ళు ఇప్పించాడు, గ్లాసు పక్కన పెట్టేశాను.

సాయంత్రం కాకముందే గుమ్మంలో వాడు కనిపించాడు. రెండు చేతుల వేళ్ళకూ కట్లు, నుదుటికి కుట్లు. మోచేతికి టిఫిన్ డబ్బా తగిలించుకున్నాడు. ఖాకీ చొక్కా చూస్తే వాడి పెదవులు తెల్లబడటం నేనెరుగుదును. అప్పుడూ తెల్లబడే ఉన్నాయి.

"ఎవరు నువ్వు?" అన్నాడు కానిస్టేబుల్.

"బామ్మర్దిని సార్. బావకు బువ్వ తెచ్చిన."

వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నువ్వెందుకచ్చినవ్రా? అక్కను తోలకపోయినవా? పో, ఇంటికి పోయి పండుకో."

"ఉండనీ బావా. నన్ను పట్టుకపోయిన నాడు ఎవ్వలు రాలే. చీకటయ్యేదాక తల్పు దిక్కే సూసిన. మా బాపు అస్తడేమోనని."

నేను ఏడ్చాను. స్టేషనని గానీ, కానిస్టేబుల్ చూస్తున్నాడని గానీ లేకుండా భోరుమని ఏడ్చాను. కట్లు కట్టిన ఆ చేతులతో డబ్బా మూత తీయలేక వాడు అవస్థ పడుతుంటే నేనే తీశాను. ఇద్దరం తిన్నాం. వాడికి నేనే కలిపి పెట్టాను.

రెండు రోజుల్లో బెయిలు మీద బయటికి వచ్చాను గానీ, చెయ్యి విరిగిన రైతు కేసు వెనక్కి తీసుకోలేదు. తీసుకోమని నేనూ అడగలేదు. ఆ యాసంగి పంటా పోయింది, చెయ్యీ పోయింది, ఏ ముఖంతో అడుగుతాను? ఇప్పటికీ వాయిదా ఉన్నప్పుడల్లా మహబూబాబాద్ కోర్టుకు పోతున్నాను. మావాడి మీద కట్టెలెత్తిన వాళ్ళ మీద కేసు పెడదామా అని ఎస్సై అడిగితే వాడు వద్దన్నాడు. నేను పెట్టమన్నాను. వాడు నా మాట వినలేదు.

మేడం ఆ వారమే వచ్చింది. అదే మంచం మీద కూర్చుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను తల దించుకుని నిలబడ్డాను. నా భార్య తలుపు పట్టుకుని నిలబడింది. మేడం వాడి కట్లు చూసింది, నన్ను చూసింది.

"మీ బావ ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టాడు. ఇలాంటి ఇంట్లో నిన్ను ఎలా ఉంచమంటావు?" అని వాణ్ణే అడిగింది.

"నా కోసం కొట్టిండు మేడం. నన్నెన్నడు కొట్టలే."

"ఇంకోసారి కొడితే?"

నేను నోరు తెరవబోయాను. వాడు నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నేనున్న గద మేడం," అన్నాడు. "పట్టుకుంట."