కంప్యూటరుకు మావయ్యగారి ఉత్తరం

అవనిగడ్డలో వీధికొక కంప్యూటర్ ఉంటే గొప్ప అనుకునే రోజులవి. బందరులో ఆరు నెలల కోర్సు చేసొచ్చిన నేను మా వీధికంతటికీ నిపుణుణ్ణి (అందులో రెండు నెలలు కరెంటు కోతలకే పోయాయని ఎవరికీ చెప్పలేదు). మా పక్కింట్లో రిటైరైన హెడ్మాస్టరుగారు ఉండేవారు. చుట్టరికం లేకపోయినా ఆయన నాకు మావయ్యగారు, ఆయన భార్య అత్తయ్యగారు. అత్తయ్యగారు చర్చి పాటలు, ఇంట్లో పాడుకునే పాటలు క్యాసెట్ల నిండా పాడి దాచుకున్నారు. ఆవిడ పోయాక ఆ టేపులు కూడా పాడైపోతాయేమోనని ఆయనకు ఒకటే బెంగ. పాత కంప్యూటర్ ఒకటి కొని, అవన్నీ అందులోకి ఎక్కించే పని నాకప్పగించారు.

ఎక్కించాను గానీ, నేను పెట్టిన పేర్లు చూడాలి: 'పాట కొత్తది', 'పాట అసలుది', 'పాట అసలు అసలుది'. నాకే ఏది ఏదో తెలియక, అన్నీ మళ్ళీ విని సరైన పేర్లు పెట్టి, వాటిని అరలవారీగా సర్దే చిన్న ప్రోగ్రాం ఒకటి సంపాదించాను. ఏ పాట ఏ అరలోకి వెళ్ళాలో వరుసకొకటి చొప్పున ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో రాసిస్తే, ఆ ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా అది చదువుకుని పాటలు సర్ది చూపిస్తుంది. మావయ్యగారికి అర్థమయ్యేలా, అది కంప్యూటరుకు మనం రాసే ఉత్తరం లాంటిదని, కావాలంటే ఆయనే మార్చుకోవచ్చని చెప్పాను. మర్నాడు ఆదివారం అత్తయ్యగారి జ్ఞాపకార్థ కూడిక. గుడివాడ నుంచి వచ్చే ఆవిడ చెల్లెళ్ళకు ఆ గొంతు వినిపించాలని ఆయన ఆశ.

తీరా ఆదివారం చూస్తే తెర మీద ఒక్క పాట లేదు. హాల్లో చుట్టాలు టీలు తాగుతున్నారు. నేను వైర్లు పీకి పెట్టాను, వెనక దుమ్ము ఊదాను, మూడుసార్లు ఆపి వేశాను (కోర్సులో నేర్పిన వైద్యం అంతే). ఆవిడ పాటలన్నీ నా చేతుల మీదుగానే పోయాయనుకున్నాను. ఆఖరికి ఆ టెక్స్ట్ ఫైలు తెరిచాను. నేను రాసిన వరుసల పైన, ఇంగ్లీషు అక్షరాల్లో కూడబలుక్కుని కొట్టిన తెలుగు ఉంది: 'ప్రభువు నామమున శుభములు. అయ్యా, ఇక్కడ క్షేమం. ఇవి మా ఇంటావిడ పాటలు. దయచేసి జాగ్రత్తగా చూడవలెను.' మొదటి వరుసే అర్థంకాక ప్రోగ్రాం అక్కడే ఆగిపోయింది.

"ఉత్తరమని నువ్వే కదయ్యా అన్నావు. పలకరింపు లేకుండా పని చెబితే ఏం బాగుంటుంది?" అన్నారు మావయ్యగారు, తప్పు చేసిన పిల్లాడిలా.

తుడిచేద్దామని మీట మీద వేలు పెట్టాను గానీ మనసొప్పలేదు. వరుస ముందు # గుర్తు పెడితే కంప్యూటర్ దాన్ని వదిలేసి ముందుకు వెళ్తుందని మా కోర్సులో చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఉత్తరంలో ప్రతి వరుస ముందూ ఆ గుర్తు పెట్టాను.

"అంటే ఇప్పుడది చదవదా?"

"చదవదండి. మనం చదువుకోడానికే."

"అయితే ఉండనీ."

పాటలన్నీ వచ్చేశాయి. మొదటి పాట మధ్యలో అత్తయ్యగారు ఆగి, "పొయ్యి మీద పాలు చూడండి, పొంగుతున్నాయి" అన్నారు, మళ్ళీ చరణం అందుకున్నారు. చెల్లెళ్ళు నవ్వుతూనే ఏడ్చారు. మావయ్యగారు మాత్రం అలవాటుగా లేచి వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగిపోయారు.

ఇప్పుడు మావయ్యగారూ లేరు. నా కంప్యూటర్‌లో వేల పుస్తకాలున్నాయి, వాటిని సర్దడానికి అలాంటి ఫైలే ఉంది. దాని మొదటి వరుసలో # పెట్టి, 'అయ్యా, ఇక్కడ క్షేమం' అని రాసుకున్నాను. మా ఆఫీసు కుర్రాళ్ళు చూసి, ఇదెందుకు సార్, తీసేయమంటారా అని అడుగుతారు. ఆ వీధి నిపుణుణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, ఉండనీ అంటాను.