తప్పిపోయినవాళ్ళ పెద్దమ్మ

మా కనకమహాలక్ష్మి పెద్దమ్మ దృష్టిలో, వరుస కాదని ముందుకి దూరేవాడంటూ ఈ భూమ్మీద ఎవడూ లేడు. ఉన్నవాళ్ళంతా పాపం తప్పిపోయినవాళ్ళే.

రైలు టికెట్ల దగ్గర కానీ, పెళ్ళి భోజనాల దగ్గర కానీ, పక్కనుంచి భుజం దూర్చి ముందుకి జొరబడే మనిషి కనబడ్డాడంటే చాలు, పెద్దమ్మ మొహం జాలితో నిండిపోతుంది. తిట్టదు. గొంతు పెంచదు. నెమ్మదిగా దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంటుంది. "అయ్యో బాబూ, తప్పిపోయావా? ఎవరి వెనకాల ఉన్నావు నాయనా నువ్వు?" అని అడుగుతుంది. ఆ బాబుకి నెరిసిన మీసాలున్నా, మెళ్ళో పులిగోరు గొలుసున్నా సరే, పట్టుకున్న చెయ్యి వదలదు. వరుస చివరిదాకా నడిపించుకెళ్ళి, అక్కడ ఆఖర్న నిలబడ్డ మనిషికి అప్పజెబుతుంది. "అమ్మాయ్, ఈ బాబు నీ వెనకాలే ఉంటాడు. మళ్ళీ తప్పిపోకుండా కాస్త చూస్తుండు." అప్పజెప్పాక వాడి వీపు కూడా ఒకసారి నిమిరి వస్తుంది.

పెద్దమ్మ నా భుజం దాకా కూడా రాదు. అయినా ఆవిడ చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్న మగాణ్ణి నేనింతవరకూ చూడలేదు. తిట్టే మనిషితో పోట్లాడొచ్చు, జాలిపడే మనిషితో ఏం పోట్లాడతారు?

ఒకసారి రేపల్లె స్టేషన్లో తెనాలి వెళ్ళే రైలుకి టికెట్లు తీసుకుంటున్నాం. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా ఆయన ఒకడు మా అందరినీ దాటుకుని కిటికీలో చెయ్యి పెట్టేశాడు. పెద్దమ్మ వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

"నేనెవరనుకున్నావమ్మా? లీడర్ గారి మనిషిని," అన్నాడు.

"అయ్యయ్యో! అయితే లీడర్ గారు కూడా తప్పిపోయారా? ఆయన్ని ఆఖరిసారి ఎక్కడ చూశావు నాయనా?"

వరుసంతా నవ్వు. తెల్లచొక్కా ఆయన తన కాళ్ళతో తనే వెనక్కి నడిచాడు.

ఇక మా ఆయన సంగతి చెప్పాలి. మా ఆయన కృష్ణకాంత్‌కి వరుసలో నిలబడటమంటే నామోషీ. ఎక్కడికెళ్ళినా "కాస్త సర్దుకుపోదాం సార్" అంటూ ముందుకి జరుగుతాడు. సర్దుకోవలసింది అవతలివాళ్ళు, పోయేది ఈయన. మా పెళ్ళయిన కొత్తలో తెనాలిలో ఎగ్జిబిషన్ పెడితే అందరం వెళ్ళాం. జెయింట్ వీల్ దగ్గర ఈయన మామూలుగానే సర్దుకుపోయాడు. కొత్త అల్లుడి చెయ్యి పట్టుకోవడానికి పెద్దమ్మకి మొహమాటం అడ్డొచ్చింది. తిన్నగా తప్పిపోయిన పిల్లల కబుర్లు చెప్పే మైకు దగ్గరికెళ్ళి కూర్చుంది. కాసేపటికి ఎగ్జిబిషన్ అంతా మోగింది. "ఒక ముఖ్య గమనిక. నీలం గళ్ళ చొక్కా వేసుకుని, పక్క పాపిడి తీసుకున్న అల్లుడు గారు జెయింట్ వీల్ వరుస చివర ఉండవలసినవారు తప్పిపోయారు. ఎవరికైనా కనబడితే దయచేసి వెనక్కి పంపగలరు. వారి భార్య అక్కడ ఎదురుచూస్తున్నారు."

ఆ భార్యని నేనే. ఎదురుచూడలేదు, పాప్‌కార్న్ తింటూ విన్నాను. ఆ రోజు నుంచీ ఈయన ఏటీఎం దగ్గర ఒక్కడే ఉన్నా ఒక అడుగు వెనక్కి నిలబడతాడు.

ఇలాంటి పెద్దమ్మ, కూతురి సంబంధం మాట్లాడటానికి వాటర్ పార్కుకి రావలసివచ్చింది. కూతురు దుర్గాభవాని, అభిరామ్ అనే కుర్రాడు బాపట్లలో ఇంజనీరింగ్ కలిసి చదివారు. హైదరాబాదులో కలిసి ఉద్యోగం చేస్తున్నారు. ఇక మిగిలింది కలిసి బతకడమే. దానికి అభిరామ్ నాన్నగారు శేషగిరిరావు గారు ఒప్పుకోవాలి. అమృతలూరులో ఆయనకి రైసు మిల్లుంది. ధాన్యానికి ఎంత విలువ ఇస్తాడో మాటకీ అంతే ఇస్తాడు. మాట కదపడానికి మిల్లుకి వెళ్ళింది నేనే కాబట్టి ఆయన గుబురు మీసాన్ని దగ్గర్నుంచి చూశాను.

"చూడమ్మా వసుంధరా, ఇంటికొచ్చామంటే మాట ఇచ్చినట్టే. కాబట్టి రేపల్లె రాను. ఎక్కడన్నా బయట కలుద్దాం. నచ్చితే సరే, లేకపోతే ఎవరి దారి వాళ్ళది. మళ్ళీ నా దగ్గర ఈ మాట ఎత్తకూడదు," అన్నాడాయన.

"నాన్న నీళ్ళు చూస్తే మెత్తబడతాడు," అన్నాడు అభిరామ్. అలా ఖాయమైంది వాటర్ పార్కు. దుర్గాభవాని పెళ్ళి మొత్తం ఆ ఒక్క మధ్యాహ్నం మీద ఆధారపడింది.

ఆ పార్కు బాపట్ల పక్కన, సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది. ఇటు దేవుడు ఊరికే ఇస్తున్న అలలుంటే, అటు మోటారు పెట్టి చేస్తున్న అలల కోసం జనం టికెట్టు కొనుక్కుంటున్నారు. నైలాన్ బట్టలుంటేనే నీళ్ళలోకి రానిస్తామని గేటు దగ్గర బోర్డుంది. పెద్దమ్మ ఆ బోర్డు రెండుసార్లు చదివింది. అద్దెకిచ్చే పొట్టి లాగులవైపు ఒకసారి చూసింది. "నాది నైలాన్ చీరే బాబూ," అని కొంగు గార్డు చేతికిచ్చింది. అతను పట్టుకు చూసి, బోర్డు చూసి, ఏమీ తోచక లోపలికి వదిలేశాడు.

లోపల మనవాళ్ళ మర్యాదలు చూడాలి. నీడలో ఉన్న ప్రతి కుర్చీ మీదా తువ్వాలుంది, మనిషి లేడు. పైనుంచి జారిన జనం వచ్చి దబ్బున పడే చోటు చూసుకుని, సరిగ్గా అక్కడే ఒక కుటుంబం ఫొటో దిగుతోంది. అలల కొలనులో ఒకాయన చిప్స్ పొట్లం తెచ్చుకుని తింటున్నాడు, అల వచ్చినప్పుడల్లా తలా కాసిని పంచుతున్నాడు. ట్యూబులిచ్చే చోట ఒకావిడ ఇంకా బస్సు దిగని చుట్టాలకి కూడా ట్యూబులు తీసుకుని, వాటన్నిటి మధ్యా దుకాణం పెట్టినట్టు కూర్చుంది. పెద్దమ్మకి చేతినిండా పని దొరికింది. కూతురి పెళ్ళి మాటలకి వచ్చానన్న సంగతి మర్చిపోయి, కనబడ్డవాళ్ళనల్లా వెనక్కి నడిపించడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఇవాళొక్కరోజు ఊరుకోవే. మధ్యాహ్నానికి వాళ్ళొచ్చేస్తారు," అని దుర్గాభవాని బతిమాలింది.

"వస్తే రానివ్వవే. ఈలోపు ఈ పిల్లాణ్ణి దిగబెట్టొస్తా," అంది పెద్దమ్మ. ఆ పిల్లాడికి బట్టతల.

పార్కులో అన్నిటికన్నా ఎత్తయిన జారుడుబండకి ఇనప మెట్లున్నాయి. మెట్లనిండా జనం ఒకళ్ళ వెనక ఒకళ్ళు తడి బట్టలతో వణుకుతూ నిలబడ్డారు. మధ్యలో ఎక్కడో మా ఆయన కూడా బుద్ధిగా ఉన్నాడు. కింద నేనూ పెద్దమ్మా చూస్తుండగా, పసుపుపచ్చ నైలాన్ లాగు వేసుకున్న ఒక పెద్దాయన అందరినీ తోసుకుంటూ ఎక్కుతున్నాడు. "జరగండి, జరగండి, మావాళ్ళు పైనున్నారు!"

ఆ గొంతు నేను మిల్లులో విన్నదే. లాగు కొత్తది గానీ మీసం నాకు తెలిసినదే. శేషగిరిరావు గారు అనుకున్న వేళకన్నా ముందే వచ్చేశాడు. నీళ్ళు చూసి మెత్తబడతాడని కొడుకు చెప్పాడు గానీ ఇంతగా మెత్తబడతాడని చెప్పలేదు.

మెట్ల మీద గొడవ మొదలైంది. "పైన ఎవరున్నారండీ మీవాళ్ళు? మేం గంట నుంచీ నిలబడలా?" అని ఒకావిడ అరిచింది. మెళ్ళో ప్లాస్టిక్ సంచుల్లో ఫోన్లు వేలాడేసుకున్న కుర్రాళ్ళు వాటిని పైకెత్తారు. "తియ్యరా వీడియో. పెద్దమనిషి వేషాలు అందరూ చూస్తారు." ఆయన మీసం లేచింది. వెనక్కి తగ్గితే పరువు పోతుందనుకున్నాడేమో, ఇంకో మెట్టెక్కి, అలాంటప్పుడు ఎవరూ అనకూడని మాటే అన్నాడు.

"నేనెవరో తెలుసా మీకు?"

"చెప్పండంకుల్! పేరూ ఊరూ చెప్పండి, వీడియో కిందే వేసి పెడతాం!"

పక్కకి చూద్దును కదా, పెద్దమ్మ లేదు. మెట్లెక్కుతోంది.

"పెద్దమ్మా, వద్దు! ఆయన..." అని అరిచాను. రెయిన్ డాన్స్ పాట హోరులో నా అరుపు నాకే వినబడలేదు. పరిగెత్తుదామంటే మెట్ల మీద పరిగెత్తకూడదని బోర్డుంది. గబగబా నడిచాను. నేను అందుకునేసరికి పెద్దమ్మ ఆయన చెయ్యి పట్టేసుకుంది. అయిపోయింది దుర్గాభవాని పెళ్ళి అనుకున్నాను.

"అయ్యో అన్నయ్య గారూ, ఇక్కడున్నారా! తప్పిపోయారా పాపం?" అంది. కుర్రాళ్ళవైపు తిరిగింది. "కళ్ళజోడు లాకర్లో పెట్టించేశారు బాబూ. ఏది వరుసో, ఏది దారో కనబడక ఎక్కేశారు. కిందంతా వెతుకుతున్నారు ఈయన కోసం."

శేషగిరిరావు గారు నోరు తెరిచాడు. ఫోన్లవైపు చూశాడు. పెద్దమ్మవైపు చూశాడు. మెల్లగా నోరు మూసుకున్నాడు. కళ్ళు కాస్త చికిలించి, తడుముకుంటున్నట్టు ఇంకో చెయ్యి గాల్లో ఆడించాడు కూడా. మిల్లు నడిపే మనిషి మరి, అవకాశం వస్తే వదలడు.

మెట్ల మీద గాలి మారిపోయింది. ఇందాక అరిచినావిడే "జాగ్రత్త బాబాయి గారూ, తడిగా ఉంది" అని పక్క కమ్మీకి ఒదిగింది. పెద్దమ్మ దిగుతూ దిగుతూ వీడియో తీసిన కుర్రాడి దగ్గర ఆగింది.

"కళ్ళు కనబడని మనిషిని వీడియో తీస్తారా నాన్నా? మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా? తీసెయ్ అది."

"సారీ ఆంటీ," అని అతను ఆవిడ ఎదురుగానే డిలీట్ చేశాడు. పక్కవాళ్ళు కూడా చేశారు. పెద్దమ్మ ఆయన్ని కిందిదాకా దించి, వరుస చివర నిలబెట్టి, అక్కడున్న అమ్మాయికి మామూలు ప్రకారం అప్పజెప్పి వచ్చేసింది. ఆయన తన వంతు వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు. జారేటప్పుడు మాత్రం మీసం సహా కేక పెట్టాడట, మా ఆయన చెప్పాడు.

మధ్యాహ్నం క్యాంటీన్లో కూర్చున్నాం. దుర్గాభవాని గోళ్ళు కొరుకుతోంది. జరిగింది ఆ పిల్లకి చెప్పే ధైర్యం నాకు లేదు. అభిరామ్ వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని వచ్చాడు. తెల్లచొక్కా, దువ్విన తల, ముక్కు మీద కళ్ళజోడు. ఆ కళ్ళజోడులోంచి పెద్దమ్మ ఆయనకి స్పష్టంగా కనబడింది. అడుగు ఆగిపోయింది.

పెద్దమ్మ లేచి నిలబడి చేతులు జోడించింది. జన్మలో ఆయన్ని ఎప్పుడూ చూడనట్టే ఉంది మొహం.

"రండి అన్నయ్య గారూ. ఇప్పుడే రావడమా? దారిలో ఎండ బాగా ఉందాండి?"

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇప్పుడేనమ్మా," అన్నాడు చివరికి. "కొత్త చోటు కదా. కాస్త అటూ ఇటూ తిరిగాం."

"ఎవరికైనా అంతేనండి. కూర్చోండి, పెరుగన్నం చెబుతా. ఇక్కడ అది ఒక్కటే తినేటట్టుంది."

ఆయన కూర్చున్నాడు. పెరుగన్నం తిన్నాడు. పిల్లని ఏమీ అడగలేదు, పొలాలెక్కడున్నాయని అడగలేదు, ఇంటిపేరు కూడా అడగలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడ్డాడు.

"ఆదివారం రేపల్లె వస్తాం చెల్లెమ్మా. మీ ఇల్లెక్కడో సరిగ్గా గుర్తులు చెప్పండి. ఈసారి తప్పిపోకుండా రావాలి."

అభిరామ్‌కి నీళ్ళు పొలమారాయి. దుర్గాభవాని ఏడవబోయి నవ్వింది. ఇంటికి రావడమంటే ఆయన నిఘంటువులో ఏమిటో మా అందరికీ తెలుసు.

తిరిగొచ్చేటప్పుడు కారు మా ఆయన నడుపుతున్నాడు, దుర్గాభవాని ముందు సీట్లో కూర్చుని అభిరామ్‌కి మెసేజీలు కొడుతోంది. వెనక పెద్దమ్మ పక్కన నేను. ఇక ఆగలేకపోయాను.

"నీ అదృష్టం బాగుంది పెద్దమ్మా. ఆయనెవరో తెలీకుండా చెయ్యి పట్టుకున్నావు. తెలిస్తే ఏమయ్యేదో!"

"తెలీకపోవడమేంటే?" అంది పెద్దమ్మ. "దుర్గ ఎప్పుడో ఫోన్లో ఫొటో చూపించింది. ఆ మీసం తడిస్తే మారిపోద్దా?"

"తెలిసే ఎక్కావా!"

"తెలుసు కాబట్టే అంత గబగబా ఎక్కా. పేరూ ఊరూ చెప్పేయబోతున్నాడే ఆ మనిషి! చెప్పుంటే సాయంత్రానికి అమృతలూరంతా చూసేది. రేపు ధాన్యం తెచ్చేవాళ్ళ ముందు తలెత్తుకుని మిల్లులో కూర్చోగలడా? తిడితే మొండికేస్తాడు, పైకెళ్ళిపోతాడు. తప్పిపోయావంటే వెనక్కి రావడానికి ఒక సాకు దొరుకుతుంది. ఎవడికైనా ఆ కాస్త సాకు ఉండాలి కదే."

ఇన్నేళ్ళూ మా పెద్దమ్మ వరుసలు కాపలా కాస్తోందనుకున్నాను. కాపలా కాసింది ముందుకి దూరినవాళ్ళ పరువుకి. నాకు ఆవిడ మీద ఇంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

"సంబంధం చెడుతుందని భయమెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? మెట్టు మెట్టుకీ వేసింది. దిగేటప్పుడు, పాపం ఈయన చెయ్యి ఇంతలా వణుకుతోందేంటి, చలేమో అనుకున్నా. కిందకొచ్చి వదిలేశాక చూస్తే, వణికేది నాదేనే."