బామ్ని దగ్గర నేను చెడగొట్టిన బేరం

మా ఆయన నా డ్రైవింగ్‌ను మొదటిసారి మెచ్చుకున్న రోజు నాకు ఆకలి చచ్చిపోయింది. అంకిస నుంచి ధాన్యం లోడుతో వస్తున్నాం. స్టీరింగు నా చేతిలో ఉంది. గుంతల దగ్గర గేరు తగ్గించి, లోడు ఊగకుండా మెల్లగా దాటించాను. పక్క సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చున్న ఆయన, "మంచిగ తీసినవ్. నాకన్న మంచిగ తీసినవ్" అన్నాడు.

నేను సిరొంచ బజారులో బట్టల దుకాణం గద్దె మీద పెరిగిన మనిషిని. మా నాన్న కొనబోయే సరుకును ఒక్కనాడూ బాగుందనలేదు. రంగు వెలిసింది, అంచు వంకరపోయింది, ఈ నేత మూడు ఉతుకులకు కూడా ఆగదు అని వంకలు పెట్టీ పెట్టీ చివరికి అదే చీరల మూటను భుజానేసుకుని వచ్చేవాడు. బాగుందన్న మాట ఆయన నోట వినబడేది అమ్మేటప్పుడే. నా పెళ్లి సంబంధం చూసి వచ్చి "పిలగాడు జర మొండి. చెయ్యి మొరటు. లారీ గూడ పాతదే" అన్నాడు. ఆ మాట వినగానే మా అమ్మ పెళ్లి పనులు మొదలుపెట్టింది. అలాంటి ఇంట్లో పెరిగిన దానికి మొగుడు నోరారా మెచ్చుకుంటే ఏమనిపిస్తుంది? ఏదో అమ్మకానికి పెట్టాడనిపించింది.

నిజానికి అనుమానం అంతకు ఏడాది ముందే మొదలైంది. తోడు మనిషి దొరకని రోజుల్లో నేనే లారీలో వెళ్లేదాన్ని. తాళ్లు బిగించడం, టైర్లను కడ్డీతో కొట్టి గాలి చూడడం నా పనులు. ఒకరోజు టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగాడు.

"లారీ నేర్చుకుంటవా?"

"ఎందుకు?"

"ఊకెనే."

"ఊకెనే ఎవరు నేర్పుతరయ్యా?"

"గింత అనుమానమైతే నేర్చుకోకు."

"నేర్చుకోనన్ననా? ఎందుకని అడిగిన."

ఆయన లేచి గ్లాసు కడిగి పెట్టాడు. ఏ ఏజెంటైనా మా నాన్నకు ఊరికే ఒక గుడ్డ ముక్క ఇస్తే, ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చిరుగు కోసం వెతికేవాడు. నేను అదే పని మా ఆయన ముఖం మీద చేశాను. చిరుగు దొరకలేదు. దొరకకపోవడం వల్ల నమ్మకం పెరిగిందనుకుంటే పొరపాటు.

దుకాణం సరుకు తెచ్చే చిన్న బండి నడిపిన దాన్నే, లైసెన్సు కూడా ఉంది. అయినా లారీ ముందు నేను పిల్లినే. క్లచ్ అందక వీపు వెనక దిండు పెట్టుకున్నాను. కోత అయిపోయిన పొలం పక్క బయల్లో రోజూ పొద్దున్నే పాఠం. ఆయన నోటితో చెప్పేది తక్కువ. తప్పు చేస్తే డాష్‌బోర్డు మీద వేలితో కొట్టేవాడు, నేనే వెతుక్కోవాలి ఏం తప్పు చేశానో. కొన్నాళ్లకు ఖాళీ లారీతో కమలాపూర్ వైపు అడవి మలుపులు తిప్పించాడు. అక్కడ ఆయన వేలు బాగా నొప్పి పెట్టి ఉంటుంది.

రివర్స్ మాత్రం మా ఇద్దరికీ తగువు. వెనక నిలబడ్డ మనిషి లారీ బాడీ మీద అరచేత్తో చరుస్తాడు. రెండు దెబ్బలంటే రావచ్చు, ఒక్క దెబ్బంటే ఆగిపోవాలి. లారీల వాళ్లందరికీ తెలిసిన లెక్కే. ఆయన రెండు దెబ్బలు కొడితే నేను కాస్త వచ్చి, ఆపి, కిందికి దిగి, వెనక్కి వెళ్లి చూసి మళ్లీ ఎక్కేదాన్ని.

"నేనిక్కడ నిలవడి చూస్తున్న గద. నీ కండ్లు నా కండ్లకన్న ఎక్కువనా?"

"త్రాసు ముల్లు చూడంది మా ఇంట్ల బెల్లం గూడ తీసుకోరు."

"నేను బెల్లమా?"

"గంత తియ్యగ ఎన్నడు మాట్లాడినవ్?"

అలా దిగుతూ ఎక్కుతూనే నేర్చుకున్నాను. గడ్చిరోలి పోయి పరీక్ష ఇచ్చి పెద్ద బండి లైసెన్సు తెచ్చుకున్నాను. ఆ తర్వాత లోడులో సగం దూరం ఆయన, సగం నేను. ఆ స్టీరింగు కొంచెం ఎడమకు లాగుతుందనీ, మూడో గేరు బతిమాలితేనే పడుతుందనీ నా చేతికి తెలిసిపోయింది. పుట్టింటి గద్దె మీద నాకు ఎప్పుడూ అంచునే చోటు. ఈ సీటు మాత్రం నాదనిపించేది. సరిగ్గా అప్పుడే ఆ మెచ్చుకోలు వచ్చింది.

ఇక వరసగా అన్నీ కనిపించసాగాయి. ఆదివారం లారీని సబ్బుతో కడిగాడు. బంపరుకు రంగు వేయించాడు. కాగితాలన్నీ కొత్త ఫైలులో సర్దాడు. ఫోన్ వస్తే లారీ అవతలి పక్కకు వెళ్లి మాట్లాడేవాడు. ఒకసారి నేను ఇవతల టైరు దగ్గర వంగి ఉన్నాను. "మీరొచ్చి ఒకసారి చూసుకోండ్రి, శేట్. చూసినంకనే మాట" అంటున్నాడు. నాకు మొత్తం అర్థమైపోయింది, కనీసం అర్థమైందనుకున్నాను. లారీ అమ్మేస్తాడు. ఇద్దరం ఎవరి బండి మీదో జీతానికి కూర్చుంటాం. అందుకే నాకు నేర్పాడు. అడిగితే అబద్ధం చెబుతాడేమోనని అడగలేదు. బేరం జరిగే చోట నేనుంటే చాలనుకున్నాను.

ఆ చోటు బామ్ని. రోడ్డు పక్క టీ హోటల్ ముందు లారీ ఆపించాడు. మోటారు సైకిల్ మీద ఒక పెద్దాయన వచ్చాడు, అహేరి వైపు ధాన్యం వ్యాపారి. లారీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చెప్పు కాలితో టైర్లు తన్నాడు. వంగి అడుగు భాగం చూశాడు. కొనేవాడు తప్ప ఇంకెవరు అట్లా చూస్తారు? నేను టీ గ్లాసు ఆ పెద్దాయన చేతికిచ్చి పక్కనే నిలబడ్డాను.

"బండి మంచిదేనా, తాయీ?" అన్నాడు, అక్కా అన్నట్టు.

"ఏం మంచిది శేట్. గుట్ట ఎక్కుడు మీద ఆయాసపడ్తది. వానొస్తే క్యాబిన్ల మనం గొడుగు పట్టుకోవాలె. ఎడమ దిక్కు అద్దం ఊగుతది."

మా ఆయన దగ్గాడు. నేను ఆగలేదు.

"నడిపేటోళ్లు?" అన్నాడు వ్యాపారి.

"ఈయన జర తొందర మనిషి. నేనంటరా, నేర్చుకుని ఎన్ని దినాలైందని."

వ్యాపారి సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టాడు. మా ఆయన వైపు తిరిగి, "ఇద్దరు డ్రైవర్లు, ఒకరు పండుకుంటె ఒకరు నడుపుతరు, నాగపూర్ దాక నా బియ్యం యాడ ఆగదని చెప్పిండ్రు గద" అని, మోటారు సైకిల్ వైపు నడిచాడు.

మా ఆయన గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది.

"ఏందే నువ్వు చేసింది?"

"బండి అమ్ముతున్నవ్ గద."

"ఎవరు చెప్పిండ్రు?"

"మరి నన్ను మెచ్చుకున్నవ్."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. పెళ్లినాడు కూడా అంతసేపు చూడలేదు.

"నాగపూర్ లోడ్లు ఇద్దరు డ్రైవర్లుంటెనే ఇస్తరు. గందుకే నేర్పిన."

"ముందే చెప్తె ఏం పోయె?"

"చెప్తె నువ్వు ఆయన మొకం చూడకముందే కిరాయి బేరం మొదలువెడ్తవ్. ఇటుక బట్టీ ఆయనతోని గట్లనే జేసినవ్. మల్ల పిలిచిండా?"

పిలవలేదు. అది నిజమే.

వ్యాపారి కిక్కు కొట్టేలోపు పరుగెత్తాను. ఏం చెప్పాలో తోచక ఉన్నదే చెప్పాను. "శేట్, మీరు బండి కొననీకె వచ్చిండ్రనుకున్న. మీకు నచ్చొద్దని గట్ల చెప్పిన."

ఆయన హ్యాండిల్ వదల్లేదు. "మీరు దుకాణపోళ్ల బిడ్డనా?"

"ఔ. సిరొంచ బజార్ల బట్టల దుకాణం."

"అద్దం అబద్ధమేనా మరి?"

"లేదు. అద్దం నిజంగనే ఊగుతది."

"నా గోదాం దాక నడపండ్రి. చూస్త" అని మోటారు సైకిల్ హోటల్ దగ్గరే వదిలి లారీ ఎక్కాడు.

గోదాము గేటు మా లారీ కంటే కొంచమే వెడల్పు. మా ఆయన వెనక నిలబడ్డాడు. రెండు దెబ్బలు పడ్డాయి. ఊగే అద్దంలో గోడ ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా కనిపిస్తోంది. పక్కన వ్యాపారి. ఈ ఒక్కసారి దిగకుండా వచ్చేస్తే మా ఆయన పరువు నిలబడుతుందని తెలుసు. అయినా కాలు బ్రేకు మీదికి పోయింది. ఆపి దిగాను. రెండు పక్కలా గోడకు జానెడు చోటు ఉంది, రాయి లేదు, రప్ప లేదు. మా ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు. ఎక్కి, గీత పడకుండా లోపల పెట్టాను.

"ఆయన రమ్మన్నడు గద. ఎందుకు దిగిండ్రు?" అన్నాడు వ్యాపారి.

"నేను గూడ చూడాలె గద, శేట్."

ఆయన కిందికి దిగి గోడకూ లారీకీ మధ్య సందులో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "సోమవారం రాండ్రి. ఒక్క ట్రిప్పు చూస్త. ఇద్దరుంటెనే లోడ్. అద్దం చేపిచ్చుకోండ్రి."

కిరాయి మాట ఆయన ఎత్తలేదు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి నోరు తెరిచాను. వెనక నుంచి బాడీ మీద ఒక్క దెబ్బ పడింది. నోరు మూసుకున్నాను.

తిరుగు దారిలో నేనే నడిపాను. మా ఆయన పట్టిన తప్పులకు అంతు లేదు. గేరు ఆలస్యంగా వేశానట. హారన్ ఊరికే కొడుతున్నానట. ఎద్దుల బండికి అంత చోటు ఇవ్వడమెందుకట. ప్రతి తప్పుకూ నా ప్రాణం కుదుటపడింది, ఆకలి కూడా వేసింది. కాసేపటికి మరో ఆలోచన వచ్చింది. మెచ్చుకుంటే నాకు అనుమానమొస్తుందని ఈయనకు ఇప్పుడు తెలిసిపోయింది కదా. ఈ తప్పులు నిజంగా నేను చేసినవేనా?

ఓరకంట చూశాను. "రోడ్డు చూడవే" అన్నాడు.